వణుకే కొలబద్ద

పొందూరు ఖద్దరుకు పత్తిని వాలుగ చేప దవడతో ఏకుతారు. ఆ సన్నని పళ్లు పోగు తెగకుండా చెత్తను దువ్వేస్తాయి. ఒక్కో పత్తి పోగు మందం మిల్లీమీటరులో నూరో వంతుకు కాస్త పైన ఉంటుంది. అందులో పదో వంతు కూడా లేని పూసను నీళ్లలో కదలకుండా పట్టుకోవడం ఏ పళ్లవల్లా కాదు. కాంతివల్ల అవుతుంది.

ఈ సంగతిని 1970లో లోకానికి చాటినవాడు అమెరికాలోని బెల్ ల్యాబ్స్ శాస్త్రవేత్త ఆర్థర్ ఆష్కిన్. లేజరు కాంతి తగిలితే నీటిలోని పూసలు ముందుకు కదులుతాయని ఆయన అనుకున్నారు. అలాగే కదిలాయి. అనుకోనిది ఇంకొకటి జరిగింది: కిరణం అంచున ఉన్న పూసలు నడిమికి చేరాయి. పూసలోంచి పోతూ కాంతి వంగుతుంది. వంచినందుకు పూస మీద ఎదురు తోపు పడుతుంది. నడిమి వైపు వెలుగు ఎక్కువ గనుక ఆ వైపుదే పైచేయి.

మొదట ఎదురెదురు కిరణాల మధ్య పూసను బంధించారు. 1986లో స్టీవెన్ చూ తదితరులతో కలిసి ఆష్కిన్ ఒక్క కిరణంతోనే ఆ పని చేశారు. కిటుకు మైక్రోస్కోపు కటకంలో ఉంది. కిరణాన్ని కటకం నిండా పరిచి ఒకే చుక్కకు కుదిస్తే, చుక్క వైపు లాగే బలం ముందుకు నెట్టే బలాన్ని మించుతుంది. పూసల బదులు బ్యాక్టీరియాను పట్టినప్పుడు ఆకుపచ్చ కాంతికి అవి చచ్చిపోవడంతో పరారుణ లేజరుకు మారారు.

ఇక పట్టు ఎంత గట్టిదో కొలవాలి. నీటి అణువుల తాకిడికి పూస క్షణం నిలవదు. ఆ వణుకే ఇక్కడ కొలబద్ద. నాలుగు ముక్కల ఫోటోడయోడ్ దాన్ని నమోదు చేస్తుంది. పట్టు బిగిసేకొద్దీ వణుకు తగ్గుతుంది. గది వేడిమిలో పూస సుమారు 10 నానోమీటర్ల మేర అటూ ఇటూ ఊగితే, పట్టు బిగువు నానోమీటరుకు 0.04 పికోన్యూటన్లు. పికోన్యూటన్ అంటే న్యూటనులో లక్ష కోట్లో వంతు.

సరిచూసుకోవడానికి మరో దారి ఉంది. ఒక మైక్రాన్ పూస పక్కగా నీటిని సెకనుకు 100 మైక్రాన్ల వేగంతో పారిస్తే, దాని మీద పడే లాగుడు దాదాపు ఒక పికోన్యూటన్. పూస 23 నానోమీటర్లు జరిగితే రెండు లెక్కలూ కలిసినట్టే. అయితే పూస గాజు పలకకు దగ్గరగా ఉండకూడదు. అక్కడ నీటి లాగుడు పెరిగి లెక్క తప్పుతుంది.

ఇంత పకడ్బందీగా కొలిచారు కాబట్టే, కణంలో సరుకు మోసే కైనెసిన్ అనే ప్రోటీన్ 8 నానోమీటర్ల అంగలు వేస్తుందని 1993లో తేలింది. 2018లో 96 ఏళ్ల వయసులో ఆష్కిన్‌కు నోబెల్ వచ్చింది. ప్రయోగశాలలో నేటికీ పూస మారినా, లేజరు శక్తి మార్చినా మళ్లీ మొదటి నుంచి కొలుచుకోవాల్సిందే.