ఆడకపోయినా.. ఆటలోనే కెరియర్!

కాలేజీ టీమ్‌లో ఆడారు. యూనివర్సిటీ స్థాయి దాకా వెళ్లారు. ఆపైన అవకాశం రాలేదు. ‘ఇక ఆట కట్టిపెట్టి ఏదో ఒక ఉద్యోగం చూసుకో’ అని ఇంట్లో పోరు మొదలైందా? అయితే మార్క్ మెకార్మక్ గురించి మీరు తెలుసుకోవాల్సిందే. క్రీడాకారుల తరఫున బేరాలు మాట్లాడటాన్ని పెద్ద వ్యాపారంగా మార్చిన తొలితరం స్పోర్ట్స్ ఏజెంట్ ఆయన.

తన స్థాయి తెలుసు
మెకార్మక్ 1930లో అమెరికాలోని షికాగోలో పుట్టారు. చిన్నప్పుడు కారు ఢీకొని తలకు పెద్ద దెబ్బ తగలడంతో మొరటు ఆటలకు దూరమై, గోల్ఫ్ పట్టుకున్నారు. కాలేజీ జట్టుకు ఆడారు. 1958లో యూఎస్ ఓపెన్‌కూ అర్హత సాధించారు. అదేం చిన్న విషయం కాదు. అయినా ఆర్నాల్డ్ పామర్ లాంటివాళ్ల ఆటకీ తన ఆటకీ ఎంత తేడా ఉందో ఆయనకు తెలుసు. అప్పటికే యేల్‌లో లా చదివి, క్లీవ్‌లాండ్‌లో లాయరుగా చేరి ఉన్నారు. గోల్ఫ్‌ను మాత్రం వదల్లేదు.

చేయి కలిపితే చాలు
అప్పట్లో గోల్ఫర్లకు ఆట తెలుసుగానీ ఒప్పంద పత్రంలోని మెలికలు తెలియవు. మెకార్మక్‌కు రెండూ తెలుసు. 1960లో పామర్ ఆయనతో చేయి కలిపారు. ఆ కరచాలనమే ఒప్పందం! తర్వాత గ్యారీ ప్లేయర్, జాక్ నిక్లాస్ వచ్చారు. అలా పెరిగిన సంస్థే ఐఎంజీ.

ఆయన కిటుకు ఒకటే. ‘గెలిచాడు కాబట్టి కొనండి’ అని ప్రకటన చేస్తే, ఓడిన రోజు దాని విలువ పోతుంది. అందుకే గెలుపును కాకుండా ఆటగాడి పేరును, నమ్మకాన్ని అమ్మారు. తర్వాత టోర్నీల నిర్వహణ, టీవీ ప్రసారాల్లోకీ వెళ్లారు. విమర్శలూ వచ్చాయి. ఆటగాడి తరఫునా, టోర్నీ తరఫునా ఒకే సంస్థ ఉంటే ఎవరి మేలు చూస్తుంది? ఈ రంగంలోకి వచ్చే ప్రతి ఒక్కరూ వేసుకోవాల్సిన ప్రశ్న ఇది. మెకార్మక్ 2003లో కన్నుమూశారు.

మన దగ్గరా ఉంది
1995లో సచిన్‌తో వరల్డ్‌టెల్ ఒప్పందం కుదిర్చింది బెంగళూరులో పుట్టిన మార్క్ మస్కరెన్హాస్. 2008లో ఐపీఎల్ మొదలైనప్పుడు నిర్వహణలో ఐఎంజీ పాలుపంచుకుంది. మన పీవీ సింధు వాణిజ్య ఒప్పందాల వెనకా ఓ మేనేజ్‌మెంట్ సంస్థ పనిచేసింది.

మీరేం చేయాలి?
* లా, కామర్స్, మార్కెటింగ్.. ఏదో ఒకదానిపై పట్టు సాధించండి. ఆటంటే ఇష్టం ఒక్కటే సరిపోదు.
* కోల్‌కతాలోని ఐఐఎస్‌డబ్ల్యూబీఎం, పుణెలోని సింబయాసిస్ లాంటి చోట్ల స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ కోర్సులున్నాయి. చేరేముందు ఫీజు, ప్లేస్‌మెంట్ల వివరాలు పాత విద్యార్థులను అడిగి తెలుసుకోండి.
* ఫుట్‌బాల్ ఏజెంట్ కావాలంటే ఫిఫా లైసెన్సు పరీక్ష పాసవ్వాలి.
* మొదటిరోజే స్టార్ దొరకడు. మీ జిల్లా టోర్నీలో స్కోరింగ్, స్పాన్సర్ల వెతుకులాట, సోషల్ మీడియా పనులతో మొదలుపెట్టండి.
* ఆదాయం ఎక్కువగా కమీషన్ మీదే. మొదటి కొన్నేళ్లు చేతిలో డబ్బు ఆడకపోవచ్చు. ఇంట్లోవాళ్లకు ఈ మాట ముందే చెప్పండి.

మైదానంలో ఆడేది పదకొండు మందే. ఆ ఆటను నడిపించే చేతులు మాత్రం ఎన్నో. అందులో మీవీ ఉండొచ్చు.