రెండు దోమల నుంచి పది లక్షల పేపర్ల దాకా

అంటువ్యాధుల మీద వచ్చిన పరిశోధన పత్రాల్లో అతి చిన్న శాంపిల్‌తో అతి పెద్ద సంగతి చెప్పింది ఏదంటే, నేను మన సికింద్రాబాద్‌లో పుట్టినదాన్నే చెబుతాను. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ మలేరియా రోగి రక్తం తాగిన దోమను కోసి చూశాడు. దాని పొట్ట గోడలో నల్లటి రేణువులున్న గుండ్రటి కణాలు కనిపించాయి. మర్నాడు ఇంకో దోమలోనూ అవే, కాస్త పెరిగి ఉన్నాయి. డిసెంబరు 18న బ్రిటిష్ మెడికల్ జర్నల్ వేసిన ఆ వ్యాసం శీర్షికలోనే ‘రెండు దోమలు’ అని ఉంటుంది. ఉన్నవి రెండేనని దాచుకోలేదు! ఆ తర్వాత కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసి, దోమ ద్వారా మలేరియా సోకే మిగతా దారి కూడా తేల్చాడు. 1902లో నోబెల్ వచ్చింది.

వేగంలో పాతకాలం వాళ్లేమీ తీసిపోలేదు. క్షయ క్రిమిని కనిపెట్టానని రాబర్ట్ కాక్ బెర్లిన్‌లో ప్రకటించింది 1882 మార్చి 24న. ఏప్రిల్ 10కల్లా వ్యాసం అచ్చయింది.

ఎయిడ్స్ మీద తొలి నివేదికలో ఉన్నది ఐదుగురు రోగులే. లాస్ ఏంజెలెస్ కేసులవి, 1981 జూన్ 5న అమెరికా ప్రభుత్వ వారపత్రికలో వచ్చాయి. అప్పటికే ఇద్దరు చనిపోయారు.

రోజూ వాడుకలో ఉన్న పేపర్ అంటే 1966 నాటి బాయర్, కిర్బీ బృందానిది. మనం ‘కల్చర్ టెస్ట్’ అంటామే, అందులో క్రిములు పరిచిన ప్లేటు మీద మందు అద్దిన కాగితం బిళ్లలు పెడతారు. తెల్లారాక బిళ్ల చుట్టూ క్రిమి పెరగని ఖాళీ వలయాన్ని మిల్లీమీటర్లలో కొలుస్తారు. ఆ పద్ధతికి ప్రమాణం కట్టింది వీళ్లే.

సంఖ్యలో రికార్డు కొవిడ్‌ది. 2020 మార్చిలో సుమారు 28 వేల పేపర్లతో మొదలైన కార్డ్-19 భాండాగారం రెండేళ్లలో పది లక్షలు దాటింది.

ఆ హడావుడిలోనే అల్పాయుష్షు పేపర్ కూడా వచ్చింది. కొవిడ్ రోగులకు హైడ్రాక్సీక్లోరోక్విన్ మందు హానికరమంటూ 671 ఆస్పత్రులు, 96,032 మంది రోగుల లెక్కలతో లాన్సెట్ 2020 మే 22న ఒక వ్యాసం వేసింది. మూడు రోజులకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మందు మీద తన ప్రయోగాన్ని ఆపింది. అసలు డేటా చూపమంటే, దాన్ని సమకూర్చిన కంపెనీ ఇవ్వలేదు. జూన్ 4న వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆయుష్షు పదమూడు రోజులు. అదే పత్రికలో 1998లో 12 మంది పిల్లల మీద వచ్చి, ఎంఎంఆర్ టీకాపై భయం పుట్టించిన వ్యాసం మాత్రం 2010 దాకా నిలిచే ఉంది. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే.

‘పరిశోధనలో తేలింది’ అంటూ ఫోన్‌కి ఏదైనా వస్తే, ఆ పేపర్ పేరు పబ్‌మెడ్ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. ఉపసంహరించినదైతే అక్కడే రాసి ఉంటుంది. చూడటానికి పైసా ఖర్చు లేదు.