'తులసిదళం' మా క్యాంపులో తిరిగిన నెల

ఎండాకాలంలో లుసైల్ పనివేళలు ఖతార్‌లో ఉన్న మనవాళ్లకు తెలిసినవే. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పొద్దున 10 గంటల నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు ఎండలో పని బంద్. తెల్లారకముందే సైట్ ఎక్కి, పదింటికి క్యాంపుకొచ్చి పడతాం. ఒళ్లు అలిసినా నిద్ర పట్టదు. అలాంటి రోజుల్లో మా గదిలోకి ఒక పుస్తకం వచ్చింది. సెలవు మీద వెళ్లిన తమ్ముడొకడు హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొని తెచ్చాడు. అట్ట సగం లేదు. పేరు మాత్రం మిగిలింది.. 'తులసిదళం'.

ఈ నవల నాకు కొత్త కాదు. తొమ్మిదో తరగతిలో సోషల్ పుస్తకం మధ్యన పెట్టుకుని చదివాను. వారం రోజులు రాత్రిపూట ఒంటరిగా దొడ్లోకి వెళ్లలేదు. తర్వాత డిప్లొమా చదివి, సిమెంటు, స్టీలు లెక్కల్లో పడి మరిచిపోయాను. పదిమంది నడుమ ఆ పేజీలు మళ్లీ తిప్పుతుంటే తమాషాగా అనిపించింది.

ఒక్కొక్కరిదీ ఒక్కో మాట

మా ఫోర్‌మన్ పెద్దాయన గోదావరి జిల్లా మనిషి. యండమూరి వీరేంద్రనాథ్ ఈ నవలను 'ఆంధ్రభూమి' వారపత్రికలో సీరియల్‌గా రాస్తున్నప్పుడు ఆయన బడికెళ్లే పిల్లాడు. "పత్రిక వచ్చే రోజున మా అక్కలు ఇద్దరూ గుమ్మం దగ్గరే కాపలా. ముందు చదివినోళ్లు పైకి చదవాలి. చీకటి పడ్డాక చదివితే అమ్మ తిట్టేది" అని చెప్పుకొచ్చాడు.

జగిత్యాల తమ్ముడికి ఇరవై మూడేళ్లు. వాడికి యండమూరి అంటే 'విజయానికి అయిదు మెట్లు' రాసినాయన. "ఆయనే ఇది గూడ రాసిండా? ఒకదాంట్ల ధైర్యం చెప్పి, ఇంకోదాంట్ల భయపెడ్తడేందన్నా?" అన్నాడు. గదంతా నవ్వు.

కథ తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. శ్రీధర్, శారదల చిన్న కూతురు తులసి. డబ్బు కోసం ఆ పసిపాప మీద క్షుద్రశక్తి 'కాష్మోరా'ను ప్రయోగిస్తారు. ఇరవై ఒక్క రోజుల గడువు. పాపను బతికించడానికి ఒకవైపు డాక్టర్లు, హిప్నాటిజం, ఇంకోవైపు మంత్రగాళ్లు. ఏది నిజమో తేల్చుకునే పని రచయిత పాఠకుడికే వదిలేస్తాడు. దీనికి 'తులసి' అని రెండో భాగం కూడా వచ్చింది. కన్నడంలో 1985లో 'తులసీదళ' అని సినిమా తీశారు. పొగిడినవాళ్లు ఎందరో, తిట్టినవాళ్లూ ఉన్నారు. మూఢనమ్మకాలను పెంచుతోందని రంగనాయకమ్మ 'తులసిదళం కాదు, గంజాయి దమ్ము' అంటూ ఘాటుగా విమర్శ రాశారు.

లెక్కలవాళ్ల దయ్యాలు

ఇంగ్లిష్‌లో ఇలాంటి పెద్ద పేరు 'డ్రాకులా'. 1897లో వచ్చింది. రాసిన బ్రామ్ స్టోకర్ ఐర్లాండ్ వాడు. లండన్‌లో లైసియం థియేటర్‌కు మేనేజర్. కథ మొదలయ్యే ట్రాన్సిల్వేనియాకు ఆయన ఎన్నడూ పోలేదు. నవల మొత్తం డైరీలు, ఉత్తరాలు, టెలిగ్రాముల రూపంలో నడుపుతాడు. అంటే ప్రతి భయానికీ ఒక కాగితం సాక్ష్యం చూపిస్తాడు. మన యండమూరి కూడా చార్టర్డ్ అకౌంటెంటే. మంత్రాల పక్కనే డాక్టరు మాటలు, తేదీలు, గంటలు పెడతాడు. మా ఫోర్‌మన్ ఒక్క ముక్కలో తేల్చేశాడు: "లెక్కలు తెలిసినోడు దయ్యాన్ని కూడా బిల్లుతో సహా చూపిస్తాడు."

'డ్రాకులా' మొదట్లో ఒక కుర్ర లాయరు కంపెనీ పని మీద పరాయి దేశం పోతాడు. అక్కడ దొర కోటలో ఇరుక్కుంటాడు. ఇంటికి రాసే ఉత్తరాలు దొర చేతిలోకి పోతాయి. చివరికి ప్రయాణం కాగితాలు కూడా మాయమవుతాయి. ఈ కథ చెబుతుంటే బంకు బెడ్ మీద నుంచి ఒక గొంతు: "పాస్‌పోర్టు గూడ గుంజుకున్నడా?" ఈసారి ఎవరూ గట్టిగా నవ్వలేదు.

ఆ రాత్రి ఫోన్

మా దగ్గర మెదక్ వైపు నుంచి వచ్చిన స్టీల్ ఫిక్సర్ ఒకతను ఉన్నాడు. తెలుగు కూడబలుక్కుని చదువుతాడు కాబట్టి, పక్కవాళ్లు చదువుతుంటే వినేవాడు. ఒకరోజు రాత్రి పదకొండింటికి నా గది తలుపు కొట్టాడు. ఇంటి నుంచి ఫోన్ వచ్చిందట. మూడేళ్ల బిడ్డ కళ్లు తేలేసి, కాళ్లూ చేతులూ కొట్టుకుందట. రెండు రోజుల్లో ఇది రెండోసారి. వెనకింటి ఒంటరి ఆడామె ఏదో చేసిందని వాళ్లమ్మ అనుమానం. పక్క ఊరి మంత్రగాడు విడిపించడానికి నలభై వేలు అడిగాడు.

"సార్, అడ్వాన్సు ఇప్పియ్యుండ్రి" అన్నాడు. కాసేపాగి, "పుస్తకం రాసినాయన మస్తు చదువుకున్నోడు గదా. ఉత్తదే రాస్తడా?" అని అడిగాడు.

నాకు వెంటనే జవాబు దొరకలేదు. అందులో రాసిన తండ్రి బాధ నిజమే. బిడ్డ ఒళ్లు కాలుతుంటే ఇక్కడి నుంచి చెయ్యి వేసి చూడలేం. ఆ దూరంలోకి ఎవరు ఏ మాట చెప్పినా నిజంలాగే దిగిపోతుంది. "తమ్మీ, ఆయన రాసింది కథ. అచ్చేసినోళ్లు గూడ నవల అనే అచ్చేసిండ్రు. ముందు మీ ఇంటామెతో నన్ను మాట్లాడనియ్యి" అన్నాను.

ఆమెను ఒక్కటే అడిగాను, జ్వరముందా అని. మూడు రోజులుగా ఉందంది. వాళ్ల బావమరిది ఆ రాత్రే ఆటోలో పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. జ్వరం బాగా పెరిగినప్పుడు అయిదేళ్లలోపు పిల్లలకు ఇలా ఫిట్స్ రావచ్చని, చాలామందికి పెద్దయ్యేసరికి పోతాయని డాక్టరు చెప్పాడట. పరీక్షలు, మందులు కలిపి నాలుగు వేలు కూడా కాలేదు. మూడో రోజు వీడియో కాల్‌లో పాప బిస్కెట్టు తింటూ కనిపించింది. మావాడు ఫోన్ పట్టుకుని ఏడ్చాడు.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ ఆ రెండు రోజుల్లోనే వెనకింటి ఆమె పేరు వాడంతా పాకింది. బోరింగు దగ్గర ఆమె బిందె పెడితే మిగతావాళ్లు పక్కకు జరుగుతున్నారట. బాణామతి అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మన పత్రికల్లో ఎన్నిసార్లు చదివాం! మహారాష్ట్రలో 2013లో, కర్ణాటకలో 2017లో ఇలాంటి వాటి మీద చట్టాలు చేశారు. చట్టం దాకా ఎందుకు, ముందు మన ఫోన్ దగ్గరే ఆగాల్సిన మాట ఇది. మావాణ్ణి కూర్చోబెట్టి మళ్లీ వాళ్లమ్మకు ఫోన్ చేయించాను. "అమ్మా, ఆమె ఏం చెయ్యలే. బిడ్డకు జ్వరమొచ్చింది. నువ్వు పోయి ఆమెతోని మాట్లాడు" అన్నాడు. అవతల నుంచి సప్పుడు లేదు. ఈ ముక్క రాసేనాటికి రెండిళ్ల మధ్యా ఇంకా మాటల్లేవు. పండక్కి ఊరికి పోయినప్పుడు తానే ఆ గడప ఎక్కుతానంటున్నాడు.

అన్నలూ, తమ్ముళ్లూ! 'తులసిదళం' చదవండి, భయపడండి, మజాగా ఉంటుంది. కానీ ఇంటి నుంచి ఇలాంటి ఫోన్ వస్తే మాత్రం మంత్రగాడికి డబ్బు పంపే ముందు రెండు పనులు చేయండి. జ్వరం ఎంతుందో అడగండి. డాక్టరు చీటీ ఫోటో తీసి పంపమనండి. ఎవరి పేరైనా చెబితే ఆ పేరు ఇంకొకరికి చెప్పకండి.

పుస్తకం ఇప్పుడు పక్క బ్లాకులో తిరుగుతోంది. పోయిన అట్ట స్థానంలో మా స్టీల్ ఫిక్సరే సిమెంటు సంచి కాగితం అంటించాడు. దాని మీద తన చేత్తో కూడబలుక్కుని 'తులసిదళం - నవల' అని రాశాడు.