కారు స్టీరియోకు దొడ్డివాకిలి

కంపెనీ బిగించి పంపిన పాత కారు స్టీరియోకు సెల్‌ఫోనులోని పాటను వినిపించే శక్తి లేదనుకోవడం పొరపాటు. ఆ పెట్టెలో యాంప్లిఫయరు ఉంది, దానికి స్పీకర్లున్నాయి, చప్పుడు పెంచి తగ్గించే మీట ఉంది. లేనిదల్లా బయటి పాట లోపలికి అడుగుపెట్టే వాకిలి ఒక్కటే. ఆ వాకిలిని ఆక్సిలరీ ఇన్‌పుట్ అని, వాడుకలో పొట్టిగా ఆక్స్ అని పిలుస్తారు. 3.5 మి.మీ. వెడల్పున్న ఆ గుండ్రటి రంధ్రం లేని కార్లలో దాన్ని తర్వాత ఎలా తొలుస్తారన్నదే ఈ వ్యాసానికి వస్తువు.

ఆ రంధ్రంలో దూరే పిన్ను వంశం టెలిఫోను ఎక్స్‌ఛేంజీలో మొదలవుతుంది. 19వ శతాబ్ది చివర, ఒక చందాదారుడి తీగను మరొకరి తీగతో ఆపరేటర్లు చేత్తో కలిపే స్విచ్‌బోర్డులు నడిచిన రోజుల్లో, క్షణంలో దూర్చి క్షణంలో లాగేయడానికి వీలుగా పావు అంగుళం, అంటే 6.35 మి.మీ., లావున్న పిన్ను పుట్టింది. దాని మొనకు, నడుమనున్న ఉంగరానికి, వెనకనున్న ఒరకు మధ్య విద్యుత్తును పారనివ్వని పట్టీలుంటాయి, కాబట్టి ఒకే కడ్డీ మీద మూడు తీగలు ఒకదానికొకటి తగలకుండా సాగుతాయి. స్టీరియో ధ్వని వచ్చాక మొన ఎడమ చెవికి, ఉంగరం కుడి చెవికి, ఒర రెండింటికీ ఉమ్మడిదైన ఎర్త్‌కు కేటాయింపయ్యాయి. చొక్కా జేబులో పట్టే ట్రాన్సిస్టర్ రేడియోకు అంత లావు పిన్ను నప్పదు గనుక 3.5 మి.మీ. పిల్ల పిన్ను వాడుకలోకి వచ్చింది, 1979 జులై 1న జపాన్‌లో సోనీ వాక్‌మన్ అమ్మకాలు మొదలయ్యాక అది దేశదేశాల్లో ఇంటింటి వస్తువైంది. ఈ పిన్ను గొప్పదనమంతా దాని అమాయకత్వంలో ఉంది: వచ్చిన వోల్టేజీని వచ్చినట్టే అప్పగిస్తుంది తప్ప, పాట ఎక్కడిదని గానీ యంత్రం ఏ కంపెనీదని గానీ ఆరా తీయదు.

కారు రేడియో నడిచిన దారి వేరు. 1930లో అమెరికాలో గాల్విన్ సోదరుల కంపెనీ మోటరోలా పేరుతో అమ్మకానికి పెట్టిన రేడియో మొదలుకొని, 1963లో ఫిలిప్స్ బెర్లిన్ ప్రదర్శనలో చూపిన క్యాసెట్టు ఆ దశాబ్ది చివరికల్లా కారెక్కడం, 1984లో కార్ల కోసం సీడీ ప్లేయర్లు తయారు కావడం వరకు, కొత్తగా వచ్చిన ప్రతిదీ తనను చదివే యంత్రాన్ని వెంటబెట్టుకుని డాష్‌బోర్డులోకి చేరింది. చదివే యంత్రం కూడా శ్రోత జేబులోనే ఉండవచ్చునన్న సంగతి 2001 అక్టోబరులో ఐపాడ్ వచ్చాక గాని కార్ల కంపెనీల తలకెక్కలేదు. 2000ల నడిమి నుంచి ఆక్స్ రంధ్రం మామూలు సదుపాయమైంది. అందువల్ల 1990లలోనూ ఆ తర్వాతి ఐదారేళ్లలోనూ తయారైన కార్లు ఒక సంధికాలంలో చిక్కుకున్నాయి, ఇంజన్లు ఇంకా గట్టిగానే ఉన్నా వాటి స్టీరియోల చెవులు మాత్రం ఆనాటి దగ్గరే ఆగిపోయాయి.

అలాంటి కార్ల మరమ్మతుకు పేరున్న చోట్లలో ఒమన్ రాజధాని మస్కట్‌కు పడమటగా సముద్రతీరాన పరుచుకున్న సీబ్ ఒకటి. 1973లో ఇక్కడ తెరిచిన విమానాశ్రయం 2008 దాకా సీబ్ పేరుతోనే నడిచింది, కోనసీమ నుంచి, కడప నుంచి, కరీంనగర్ నుంచి ఒమన్‌కు పనికి పోయిన తెలుగువారు విమానం దిగింది అక్కడే. వాళ్లు సెలవుకు వచ్చేటప్పుడు చంకన పెట్టుకొచ్చిన టూ-ఇన్-వన్, అంటే రేడియో, టేప్‌రికార్డరు కలిసిన పెట్టె, ఊళ్లో గల్ఫ్ సంపాదనకు గోడగడియారం కన్నా పెద్ద సాక్ష్యంగా నిలిచిన కాలం ఒకటుంది. సీబ్ పరిధిలోని మాబెలా పారిశ్రామికవాడలో గ్యారేజీలు, ఆటో ఎలక్ట్రీషియన్ల దుకాణాలు, పాత విడిభాగాల కొట్లు పక్కపక్కనే ఉంటాయి. వాటికి చేరే కార్లలో రెండు జాతులు కనిపిస్తాయి: గల్ఫ్ దేశాల కోసమే తయారై, వేగం గంటకు 120 కి.మీ. దాటగానే టింగుటింగుమని హెచ్చరించేవి కొన్ని, అమెరికాలో వాడేసి ఓడెక్కించినవి కొన్ని. రేడియోలో అరబ్బీ, ఇంగ్లీషు వినిపించినంత సులువుగా తెలుగు వినిపించని ఊళ్లో, తెలుగు పాట కావాలంటే అది ఫోనులోంచే రావాలి.

ఏ కారు స్టీరియోలోనైనా పాట నాలుగు బలాలలో ప్రయాణిస్తుంది. ఏరియల్ నుంచి దిగేటప్పుడు వోల్టులో పదిలక్షల వంతుల లెక్కలో, క్యాసెట్టును చదివే హెడ్డు దగ్గర వెయ్యో వంతుకన్నా తక్కువలో, సర్క్యూట్ బోర్డు నడుమ మూడో వంతు వోల్టు చుట్టుపక్కల, స్పీకరు తీగల దగ్గర కొన్ని వోల్టుల్లో ఉంటుంది. ఫోను ఇచ్చే సంకేతం వీటిలో మూడోదానికి దాదాపు సరిజోడు. ఆక్స్ పెట్టడమంటే ఆ సరిజోడు చోటును వెతికి పట్టుకోవడమే. మరే చోట దూరాలన్నా పాట వేషం మార్చుకోక తప్పదు.

అన్నిటికన్నా తేలికైన వేషం రేడియో స్టేషనుది. సిగరెట్ లైటర్ సాకెట్టులో గుచ్చే ఎఫ్.ఎం. ట్రాన్స్‌మిటరు ఫోను పాటను 87.5, 108 మెగాహెర్ట్జ్‌ల మధ్య ఏదో ఒక ఖాళీ ఫ్రీక్వెన్సీ మీద ప్రసారం చేస్తే, రెండడుగుల అవతలున్న స్టీరియో దాన్ని పట్టుకుంటుంది. తీగ కోసే పని లేదు, కాని ఎఫ్.ఎం. స్టీరియో ప్రసారం 15 కిలోహెర్ట్జ్ పైనున్న స్వరాలను మోయదు, పైగా సీబ్ వంటి తీరంలో ఖాళీ అన్నది స్థిరాస్తి కాదు. వేసవిలో సముద్రం మీద తేమగాలి, దానిపైన ఎడారి నుంచి వచ్చే వేడి పొడిగాలి పొరలుగా పరుచుకున్నప్పుడు రేడియో తరంగాలు ఆ పొర కింద ఇరుక్కుని, గొట్టంలో నీళ్లలా వందల కిలోమీటర్లు పారతాయి. డక్టింగ్ అని శాస్త్రజ్ఞులు పిలిచే ఈ స్థితిలో, పొద్దున ఖాళీగా ఉన్న ఫ్రీక్వెన్సీ మీద సాయంత్రానికి ఏ అవతలి ఒడ్డు స్టేషనో వచ్చి కూర్చోవచ్చు. అమెరికా నుంచి వచ్చిన కార్లకు ఇంకో చిక్కు ఉంది. అక్కడి డిజిటల్ రేడియో దశాంశ స్థానంలో బేసి అంకెలనే ఎంచుతుంది, 90.3 దొరుకుతుంది, 90.5 దొరుకుతుంది, ఒమన్ రేడియో ఇంగ్లీషు ప్రసారాలు వచ్చే 90.4 దొరకదు. ట్రాన్స్‌మిటరును సరి అంకె మీద పెట్టినవారికి అలాంటి కారులో పాట గరగరలాడుతూనే వస్తుంది.

క్యాసెట్టు వేషం మరింత చమత్కారమైంది. అమెరికన్ ఇంజనీరు లారీ షాట్జ్‌కు 1988లో పేటెంటు దక్కిన అడాప్టరులో టేపు ఉండదు. టేపు నడవాల్సిన చోట ఒక చిన్న హెడ్డు కారు హెడ్డుకు ఎదురుగా ఆనుకుని నిలుస్తుంది. బయటి సంకేతం ఈ హెడ్డులో హెచ్చుతగ్గుల అయస్కాంత క్షేత్రంగా మారుతుంది, అవతలి హెడ్డు తన ముందు టేపు కదులుతోందన్న భ్రమలో దాన్ని చదివేస్తుంది. భ్రమ నిలవాలంటే అడాప్టరు లోపలి పళ్లచక్రాలు తిరుగుతూ ఉండాలి, ఎందుకంటే చుట్ట ఆగిందని పసిగట్టిన డెక్కు టేపు అయిపోయిందనుకుని రెండో వైపుకు మళ్లుతుంది, లేదా క్యాసెట్టును బయటికి కక్కేస్తుంది. ఎండలో మూసి ఉంచిన కారు డాష్‌బోర్డు 60 డిగ్రీలు దాటే ఊళ్లో ప్లాస్టిక్ డొప్ప కాస్త వంగినా రెండు హెడ్లకూ ఎదురు తప్పుతుంది, తాళాల మువ్వల సవ్వడి ముందు మాయమవుతుంది.

సీడీ ఛేంజరు వేషం వేయాలంటే భాష కూడా రావాలి. డిక్కీలో ఆరు సీడీలు పట్టే ఛేంజరును విడిగా కొనుక్కునేవారి కోసం చాలా కంపెనీలు స్టీరియో వెనక ఒక సాకెట్టును ముందే ఉంచేవి, అందులోని ధ్వని తీగలు ఫోనుకు సరిజోడు బలం గలవే. అయినా వాటికి నేరుగా పాట ఎక్కిస్తే స్టీరియో మూగగానే ఉంటుంది. టొయోటాలో ఆ తీగల పక్కన ఏవీసీ-లాన్ అనే రెండు తీగల సంభాషణ మార్గం ఉంటుంది, ఎన్.ఇ.సి. కంపెనీ రూపొందించిన ఐఈబస్ పద్ధతి దానికి ఆధారం. స్టీరియో ఆ మార్గంలో ఛేంజరును పలకరిస్తుంది, సరైన జవాబు వస్తేనే ధ్వని తీగలను లోపలికి కలుపుకుంటుంది. ఎమ్యులేటర్ అనే చిన్న పెట్టె ఆ జవాబులన్నీ కంఠతా పట్టి, ఛేంజరు ఉందని, ఒకటో సీడీలో ఒకటో పాట నడుస్తోందని నిబ్బరంగా అబద్ధమాడుతుంది. తెర మీద ఆ అంకెలే వెలుగుతాయి. వోల్టేజీ పరంగా ఏ అడ్డూ లేని చోట అనుమతి కోసమే ఒక కంప్యూటరును కాపలా పెట్టడం కాస్త విచారించదగిన విషయమే, అయితే లేని ఛేంజరు తాలూకు గురగుర వినిపించకూడదన్న కంపెనీ వాదన కూడా కొట్టిపారేయదగింది కాదు. టొయోటాలోనే 5+7 పిన్నుల సాకెట్టు ఒకటి, 6+6 పిన్నులది ఒకటి ఉన్నాయి, స్టీరియో వెనక చూడకుండా పెట్టె కొంటే డబ్బు దండగ.

వేషాలేవీ వద్దనుకుంటే మిగిలేది మూత విప్పడం. మాబెలాలోనైనా విజయవాడ ఆటోనగర్‌లోనైనా ఈ పని చేసే పద్ధతి ఒక్కటే. ముందు బ్యాటరీ మైనస్ తీగ ఊడదీయాలి. ఎయిర్‌బ్యాగు సర్క్యూట్లో విద్యుత్తు కొంతసేపు నిలవ ఉంటుంది గనుక టొయోటా పుస్తకాలు చెప్పినట్టు 90 సెకన్లయినా ఆగాలి. కొన్ని హోండా, ఫోక్స్‌వ్యాగన్ స్టీరియోలు కరెంటు పోగానే దొంగల పాలయ్యామనుకుని రహస్య అంకెలు అడుగుతాయి, ఆ కాగితం ముందే వెతికి పెట్టుకోవాలి. ప్లాస్టిక్ చట్రం ఊడి, బోల్టులు వదిలి, పెట్టె బల్ల మీదికి వచ్చాక పై రేకు తీస్తే క్యాసెట్టు యంత్రాంగం మేడలా, సర్క్యూట్ బోర్డు దాని కింది వాటాలా కనిపిస్తాయి. రెంటినీ కలిపే పట్టీ తీగ దిగే చోట, చాలా బోర్డుల మీద, ఆవగింజంతేసి తెల్లని అక్షరాల్లో టేప్-ఎల్, టేప్-ఆర్, గ్రౌండ్ అని అచ్చయి ఉంటుంది. హెడ్డు చదివినదాన్ని తొలి యాంప్లిఫయరు బలపరచాక, చప్పుడును అదుపుచేసే చిప్పుకు ఇంకా చేరకముందు పాట ఉండే చోటు అదే. ఆ చిప్పు మూడు కాలువలు కలిసే చోటి తూము వంటిది. రేడియో, టేపు, సీడీలలో ఏ తలుపు ఎత్తాలో ముందున్న బటన్ చెబుతుంది.

రెండంగుళాలు అటూ ఇటూ అయితే కథ మారిపోతుంది. హెడ్డు తీగలకే ఫోను కలిపితే ఆ బలానికి తొలి యాంప్లిఫయరు తట్టుకోలేదు, బలం తగ్గించి పంపినా టేపు కోసం మంద్రస్వరాలను పనిగట్టుకుని పెంచే దాని గుణం వల్ల పాట కుండలోంచి వచ్చినట్టుంటుంది. స్పీకరు తీగల జోలికి పోవడం మరీ ప్రమాదం, ఎందుకంటే చాలా స్టీరియోల్లో ఆ రెండు తీగలూ బ్యాటరీ వోల్టేజీలో సగం దగ్గర తేలుతుంటాయి, ఏదీ ఎర్త్ కాదు. ఒకటి రేకుకు తగిలితే చిప్పు కాలిపోవచ్చు. టేప్-ఎల్, టేప్-ఆర్ దగ్గర కూడా సంకేతం కొన్ని వోల్టుల స్థిరమైన మట్టం మీద తేలుతూ ఉంటుంది, ఫోను సంకేతం సున్నాకు అటూ ఇటూ ఊగుతుంది. ఈ రెండు మట్టాలూ కలవకుండా ఒక్కో తీగలో కొన్ని మైక్రోఫారడ్ల కెపాసిటరును టంకంతో అతుకుతారు. స్థిరంగా ఉన్న వోల్టేజీని ఆపి, ఊగే ధ్వనిని మాత్రమే దాటనివ్వడం దాని పని. చివర స్విచ్చున్న జాక్ పెడితే పిన్ను దూర్చగానే టేపు తీగ తెగుతుంది, లాగగానే కలుస్తుంది. జాక్‌ను గ్లూ గన్ జిగురుతో అంటించడం హైదరాబాదులో చెల్లవచ్చు గాని సీబ్ ఎండకు ఆ జిగురు మెత్తబడుతుంది, మరచుట్టుతో బిగించుకోవడమే మేలు.

ఇంతా అయ్యాక ఫోనును సిగరెట్ లైటర్ సాకెట్టుకు చార్జింగు పెట్టి వింటే పాట వెనక ఒక సన్నని కూత మొదలవుతుంది, యాక్సిలరేటరు తొక్కేకొద్దీ దాని శ్రుతి పెరుగుతుంది. ఎర్త్‌కు రెండు దారులు ఏర్పడటంతో ఆల్టర్నేటరు చప్పుడు ధ్వని తీగలోకి చొరబడటమే దానికి కారణం. రెండు వైపులనూ తీగతో కాక అయస్కాంతంతో కలిపే చిన్న ట్రాన్స్‌ఫార్మరును నడుమ పెడితే అది అణుగుతుంది. 2016లో ఐఫోన్ 7 నుంచి ఆపిల్ 3.5 మి.మీ. రంధ్రాన్ని తీసేసింది, తర్వాత మరెన్నో ఫోన్లు అదే దారి పట్టాయి, కాబట్టి ఇంత కష్టపడి తెరిచిన వాకిలిలో ఇప్పుడు బ్లూటూత్ రిసీవరు పిన్ను కూర్చుంటోంది. అయినా తూము తలుపు ఎత్తించాలంటే డెక్కులో క్యాసెట్టు ఉండాల్సిందే గనుక, పాటలేవీ లేని ఖాళీ క్యాసెట్టు ఒకటి లోపల తిరుగుతూ, ఒక వైపు అయిపోగానే టక్కుమని రెండో వైపుకు మళ్లుతూ ఉంటుంది. దాన్ని తిప్పే రబ్బరు బెల్టు సాగిపోయిన రోజున బ్లూటూత్ పాట కూడా ఆగిపోతుంది.