పల్లెలలో ప్రాణరక్షక దళములు: వాటి పని, వాటి నిధి

వరద వచ్చిన రాత్రి ఇంటి చూరు పట్టుకొని కేకవేయువానికి మొదట వినబడునది పొరుగింటివాని గొంతు. ప్రభుత్వపు పడవలు ఆ తరువాతనే రాగలవు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు పదివేల ప్రాంతమున జనము మరణించిరి. రోడ్లు తెగి, తంతి తీగెలు తెగి, బయటి సహాయము ఆలస్యమైన చోట్ల మిగిలినవారే ఒకరికొకరు దిక్కైరి. ఆ తరువాతను వరదలు మనలను వదలలేదు. గోదావరి భద్రాచలము వద్ద 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు వచ్చినది. 2024 సెప్టెంబరు మొదటి రోజులలో ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటినది; ఆ రోజులలోనే బుడమేరు విజయవాడలో చొరబడినది.

కావున గ్రామమున పదిహేను ఇరువది మంది యువకులు ప్రాణరక్షక దళముగా ఏర్పడుట వింత సంగతి కాదు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థవారు 2016లో ఆపద మిత్ర పథకము క్రింద 30 జిల్లాలలో 6,000 మందికి శిక్షణ తలపెట్టిరి. 2021లో దానిని 350 జిల్లాలకు, లక్షమందికి విస్తరింపజేసిరి. పన్నెండు రోజుల శిక్షణ, కొంత సామగ్రి వారికి లభించును. ఇది మంచి ఆరంభమే. కాని మూడవ సంవత్సరమున త్రాడు ఎవరు కొనవలెను? ఈ ప్రశ్నకు గ్రామమే జవాబు వెదకుకొనవలసి యున్నది.

ముందు పని సంగతి చూతము. ఈతగాడు వెంటనే నీటిలోనికి దూకుటయే సాహసమని మనవారి తలంపు. అది ప్రమాదము. మునుగుచున్నవాడు చేతికి దొరికినదానిని, అనగా రక్షింపవచ్చినవానిని, నీటి క్రిందికి త్రొక్కును. గట్టునుండి వెదురుగడ అందించవలెను. అందనిచో త్రాడు విసరవలెను. అదియు కానిచో పడవయో తెప్పయో వాడవలెను. ఈదుకొని పోవుట చిట్టచివరి మార్గము. నైలాను త్రాడు నీట మునుగును, పాలీప్రొపిలీను త్రాడు తేలును; కొనునప్పుడు ఈ భేదము గుర్తుంచుకొనవలెను. గట్టిగా మూత బిగించిన 20 లీటర్ల ఖాళీ డబ్బా సుమారు 19 కిలోల బరువును నీటిపై నిలుపగలదు. త్రాటి కొనకు అట్టి డబ్బా కట్టి విసరినచో పట్టుకొన్నవాని తల నీటిపైననే యుండును.

ఒడ్డుకు చేర్చినవానిని తలక్రిందులుగా వ్రేలాడదీయుట, గిరగిర త్రిప్పుట, పొట్ట నొక్కి నీరు కక్కించుట అనునవి వెంటనే మానవలసిన అలవాట్లు. ఊపిరి లేనిచో ముందు నోటితో గాలి ఊది, పిమ్మట రొమ్ము నడుమ 30 సార్లు గట్టిగా నొక్కి, మరల రెండుసార్లు ఊదుచు వైద్యుడు అందువరకు సాగించవలెను. పుస్తకము చదివినంత మాత్రమున ఇది రాదు; బొమ్మపై చేతితో నేర్చుకొనవలెను.

మా శాఖవారికి బాగుగా తెలిసిన చిక్కు ఒకటి కలదు. పాడిగేదెను విడిచి రానను ఆసామిని పడవ ఎక్కించుట ఏ దళమువల్లను కాదు. అతనిది మూర్ఖత్వమనుట తప్పు. ఆ గేదెయే అతని జీవనము. కావున పశువుల ఏర్పాటు మనుషుల రక్షణలో భాగమే. మెరక స్థలము, అచ్చట నిలువ ఉంచు వరిగడ్డి, ఏ ఇంటి పశువులను ఎవరు తోలుకొని పోవలెనను జాబితా వేసవిలోనే సిద్ధము కావలెను. భద్రాచలము వద్ద మొదటి హెచ్చరిక 43 అడుగులకు, రెండవది 48కి, మూడవది 53కి ఇత్తురు. ఆ ప్రాంతపు పల్లపు గ్రామములు మొదటి హెచ్చరికకే పశువులను తరలించుట మేలని నా అభిప్రాయము. పశువులు వెళ్ళిన యింట మనుషులు మారు మాటాడరు. ఏమియు వీలుకానిచో పలుపులు కోసి విడువవలెను. గొడ్డు ఈదగలదు, రాటకు కట్టినది ఈదలేదు.

ఇక నిధి. బ్రిటనులో సముద్రపు రక్షణ పడవల సంస్థ 1824లో పుట్టినది. నడుమ 1854 నుండి 1869 వరకు తప్ప, మొదటి నూరేండ్లకు పైగా అది ప్రభుత్వపు గ్రాంటు లేకయే సాగినది. నేటికిని ప్రజల చందాలే దానికి ముఖ్యాధారము. 1886 డిసెంబరులో మెక్సికో అను ఓడలోనివారిని కాపాడబోయి 27 మంది రక్షకులు మునిగిపోయిరి. దిక్కులేని కుటుంబముల గతి చూచి, 1891లో మాంచెస్టరు వీధులలో డబ్బాలు పట్టి చందాలు పోగుచేసిరి. మన పల్లెలలో డబ్బాకు బదులు కళ్ళము కలదు. 200 మంది రైతులు పంటకు ఐదేసి కిలోల ధాన్యమిచ్చినచో పది క్వింటాళ్ళగును. 2025–26 మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు; అనగా 23,690 రూపాయలు. దీనితో మోటారు పడవ రాదు. త్రాళ్ళు, టార్చిలైట్లు, జాకెట్ల మరమ్మతు సాగును.

పెద్ద వస్తువులకు ఇతర మార్గములు చూడవలెను. విపత్తు నిర్వహణ చట్టము, 2005 ప్రకారము స్థానిక సంస్థలు తమ సిబ్బందికి శిక్షణ ఇప్పించి, సామగ్రిని సిద్ధముగా ఉంచవలెను; కావున పంచాయతీని అడుగుట యాచన కాదు. విపత్తు నిర్వహణకు కంపెనీలు తమ సామాజిక బాధ్యత నిధులను వెచ్చించుటకు 2019 నుండి వీలు కలదు. ఏడుగురు కలిసి సంఘమును రిజిస్టరు చేయించుకొని, ఇద్దరి సంతకములతో బ్యాంకు ఖాతా నడిపి, లెక్క గ్రామసభలో చదివినగాని ఎవరును రెండవసారి ఇవ్వరు.

“వరద రాని ఏడు ధాన్యమెందుకయ్యా?” అని రైతులు అడుగుచుందురు. మూలపడిన స్ప్రేయరును వారే చూచియుందురు. వాషరు ఎండి పగిలి, తెగులు వచ్చిననాడు పనిచేయదు. జాకెట్టు పట్టీలు, రబ్బరు పడవ అతుకులు అట్టివే. వాడనియేటనే వాటికి ఎక్కువ చూపు కావలెను.

దళమువారి ప్రాణములకు భరోసా కూడ ఈ నిధినుండియే కల్పించవచ్చును. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన క్రింద 18 నుండి 70 ఏండ్లవారికి సాలుకు 20 రూపాయల ప్రీమియముతో ప్రమాద మరణమునకు 2 లక్షల రూపాయలు లభించును. ఇరువది మందికి 400 రూపాయలు. బీమా సంవత్సరము జూను 1న మొదలగును గనుక, మే నెలాఖరులోగా ప్రతి సభ్యుని బ్యాంకు ఖాతాలో ఆ సొమ్ము ఉన్నదో లేదో దళపతి స్వయముగా విచారించవలెను.