ప్రయాణాలు, రవాణా: ఇంధన దుబారాను తగ్గించడం

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు
- ఇంధన వినియోగాన్ని ప్రయాణికుల లెక్కన కొలవగలుగుతారు;
- దుబారా ఎక్కడ జరుగుతున్నదో గుర్తించగలుగుతారు;
- దానిని తగ్గించే మార్గాలను వివరించగలుగుతారు.

1. నేపథ్యం

మన దేశం తనకు కావలసిన ముడి చమురులో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకుంటున్నది. డీజిల్ ధర పెరిగితే లారీ కిరాయి పెరుగుతుంది. కిరాయి పెరిగితే కూరగాయలు, బియ్యం ధరలు పెరుగుతాయి. అంటే సొంత వాహనం లేని కుటుంబం కూడా ఇంధన భారాన్ని మోస్తున్నది. అందువల్ల దుబారాను వాహన యజమాని సొంత ఖర్చుగా మాత్రమే చూడరాదు.

2. దుబారాను కొలవడం ఎలా?

సాధారణంగా మనం 'ఈ బండి లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుంది?' అని అడుగుతాం. సమాజం దృష్టితో చూస్తే ఈ ప్రశ్న చాలదు. ఒక లీటరుతో ఎంతమంది, ఎంత దూరం వెళ్ళారన్నది ముఖ్యం. ఒక వ్యక్తి ఒక కిలోమీటరు ప్రయాణిస్తే దానిని ఒక 'ప్రయాణికుడు-కిలోమీటరు' అంటారు.

ఉదాహరణకు లీటరు ఇంధనంతో కారు 15, మోటారు సైకిలు 50, బస్సు 5 కిలోమీటర్లు నడుస్తాయనుకుందాం. అప్పుడు లీటరుకు లభించే ప్రయాణికుడు-కిలోమీటర్లు:

- కారులో ఒక్కరు: 15
- కారులో నలుగురు: 60
- మోటారు సైకిలుపై ఒక్కరు: 50
- బస్సులో 50 మంది: 250
- బస్సులో ముగ్గురు: 15

చివరి లెక్కను గమనించండి. ఖాళీగా తిరిగే బస్సు, ఒక్కరే వెళ్ళే కారు ఒకే స్థాయిలో ఉన్నాయి. కాబట్టి వాహనం రకం ఒక్కటే కాక, అందులో నిండిన సీట్లు కూడా దుబారాను నిర్ణయిస్తాయి.

3. వ్యవస్థలో చేయవలసిన మార్పులు

బస్సు ఎప్పుడు వస్తుందో తెలియని చోట ప్రజలు అప్పు చేసైనా బండి కొంటారు. వారిని తప్పుపట్టలేం. వేళకు వచ్చే బస్సు ఉంటే సీట్లు నిండుతాయి. హైదరాబాదులో 2003లో ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళు, 2017లో మెట్రో ప్రారంభమయ్యాయి. స్టేషను నుంచి ఇంటికి చేరే సదుపాయం, నడవడానికి తగిన కాలిబాట ఉన్నప్పుడే ఇటువంటి సేవల పూర్తి ప్రయోజనం అందుతుంది.

సరకు రవాణాకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. ఉక్కు పట్టాలపై ఉక్కు చక్రం దొర్లేటప్పుడు నిరోధం తక్కువ. అందుకే దూర ప్రాంతాలకు భారీ సరకును పంపడానికి లారీ కంటే రైలుకు తక్కువ ఇంధనం సరిపోతుంది. 2020లో రేణిగుంట నుంచి ఢిల్లీకి ప్రారంభమైన 'దూధ్ దురంతో' రైలు 40,000 లీటర్ల ట్యాంకర్లలో పాలను చేరవేసింది. లారీల విషయంలో, సరకు దించి ఖాళీగా తిరిగిరావడం పెద్ద దుబారా. తిరుగు సరకు ముందే కుదిరితే అదే డీజిల్‌తో రెండు పనులు జరుగుతాయి.

4. వాహనదారులు చేయగలిగినవి

గాలి నిరోధం వేగం వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. వేగం రెట్టింపైతే గాలి నిరోధం దాదాపు నాలుగింతలవుతుంది. అతివేగాన్ని తగ్గించడం, టైర్లలో సరిపడా గాలి ఉంచడం, ఎక్కువసేపు ఆగవలసిన సిగ్నలు వద్ద ఇంజను ఆపడం, దగ్గరి పనులకు నడిచి గాని సైకిలుపై గాని వెళ్ళడం ఖర్చులేని పద్ధతులు. 1978లో ఏర్పడిన పెట్రోలియం కన్సర్వేషన్ రీసెర్చ్ అసోసియేషన్ ఇటువంటి పొదుపు పద్ధతులనే ప్రచారం చేస్తున్నది.

5. సారాంశం

ఇంధన పొదుపు అంటే ప్రయాణాలు మానుకోవడం కాదు. ప్రతి లీటరుతో ఎక్కువమందిని, ఎక్కువ సరకును గమ్యం చేర్చడం. వ్యక్తి అలవాట్లు ఇందుకు తోడ్పడతాయి. మంచి ప్రజా రవాణా లేకుండా అవి మాత్రమే సరిపోవు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. లీటరుకు 20 కిలోమీటర్లు నడిచే కారులో ముగ్గురు ప్రయాణిస్తే లీటరుకు ఎన్ని ప్రయాణికుడు-కిలోమీటర్లు లభిస్తాయి?
2. గత వారం మీరు చేసిన ప్రయాణాలను రాసి, వాటిలో బస్సులో వెళ్ళగలిగీ వెళ్ళనివి ఎన్నో, అందుకు కారణాలేమిటో వివరించండి.