మా చిన్నమ్మకు వచ్చిన యాడ్ మా అన్నకు ఎందుకు రాలేదు?

ముందే ఒక మాట. నేను నర్సరీ నుంచి ఇంగ్లిష్ మీడియం. తెలుగులో ఇంత పొడుగు రాయడం ఇదే ఫస్ట్ టైమ్. ఒత్తులు తప్పితే క్లబ్ సీనియర్లు దిద్దారు, ఇంకా మిగిలినవి నావి. టాపిక్ మాత్రం నేనే అడిగి తీసుకున్నాను.

2024 దసరా సెలవులకు వనపర్తి వెళ్లాను. పండగ కదా, గద్వాల నుంచి చిన్నమ్మ కూడా మా ఇంటికి వచ్చింది. ఒక మధ్యాహ్నం అమ్మానాన్న పడుకున్నాక నేను, అన్న, చిన్నమ్మ ముగ్గురం ఎవరి ఫోన్ వాళ్లు చూసుకుంటూ కూర్చున్నాం. ఒకటే ఇల్లు, ఒకటే వైఫై. అన్నకి బెట్టింగ్ యాడ్ వచ్చింది: బ్యాటు, మంటలు, దమ్ముంటే రా అన్నట్టు ఒక గొంతు. నాకు వచ్చింది వేరే. చేతిలో కోల్డ్ కాఫీ పట్టుకున్న కాలేజీ పిల్ల, పాకెట్ మనీ కోసం ఇంట్లో ఎన్నాళ్లు అడుగుతావ్ అంటోంది. చిన్నమ్మకు వచ్చిన దాంట్లో అసలు ఆటే లేదు. మామూలు చీర కట్టుకున్న ఒకామె వంటింట్లో నిలబడి, పిల్లలు బడికి పోయాక తను ఫోన్‌లో చేసుకునే "పని" గురించి చెప్తోంది. వెనక కుక్కర్ విజిల్ కూడా వినిపించింది. అది కావాలని పెట్టిందే అని నాకు తర్వాత తట్టింది.

చిన్నమ్మ ఆ వీడియోని పైకి తోసేయలేదు, చివరిదాకా చూసింది. నేను అది గమనించాను కూడా. గమనించి నా రీల్స్ నేను చూసుకున్నాను.

ఇది ఎలా జరుగుతుందో చెప్తా, సీఎస్ఈ వాళ్లకి తెలిసిందే, మిగతా బ్రాంచిల వాళ్ల కోసం. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో యాడ్ పెట్టేవాళ్లు అది ఎవరికి కనిపించాలో ఎంచుకోవచ్చు: ఏ వయసు, ఆడా మగా, ఏ ఊరి చుట్టుపక్కల, ఏ ఇష్టాలు ఉన్నవాళ్లు. దానికన్నా పవర్‌ఫుల్ లుక్‌అలైక్ ఆడియన్స్ అనేది. ఇప్పటికే డబ్బు కట్టినవాళ్ల లిస్టు ఇస్తే, అలాంటి అలవాట్లే ఉన్న కొత్తవాళ్లని ప్లాట్‌ఫామ్ వెతికి పెడుతుంది. కాబట్టి ఎక్కడో ఆఫీసులో ఎవరో కూర్చుని "గద్వాల ఆడవాళ్లని పట్టండి" అనాల్సిన అవసరం లేదు. పది రకాల వీడియోలు వదులుతారు. ఏ వీడియో చూసి ఎందరు డబ్బు వేశారో లెక్క వస్తుంది. పనిచేయనివి తీసేస్తారు, పనిచేసినదానికి ఖర్చు పెంచుతారు. వంటింటి వీడియో ఇంకా తిరుగుతోందంటే, అది అప్పటికే ఎందరో చిన్నమ్మల మీద పనిచేసిందన్నమాట.

అసలు విషయం ఇక్కడే ఉంది. మగవాళ్లకి బెట్టింగ్‌ని బెట్టింగ్‌లాగానే అమ్ముతారు, పౌరుషం కలిపి. ఆడవాళ్లకి అమ్మేటప్పుడు ఆ పేరు తీసేస్తారు. "పార్ట్‌టైమ్", "ఇంటి నుంచి సంపాదన", "టాస్క్", "అక్కల గ్రూపు" అంటారు. ఎందుకంటే మా దిక్కు పేకాట ఆడే ఆడదాన్ని ఏమంటారో అందరికీ తెలుసు. పని చేసుకుని నాలుగు పైసలు తెచ్చే ఆడదాన్ని మాత్రం మెచ్చుకుంటారు. అలా పేరు ఒకటి మార్చేసరికి సిగ్గు అడ్డుపడదు.

ఇలా చేయకూడదని రూల్ లేదా అంటే, ఉంది. మన దేశంలో యాడ్స్‌ని చూసుకునే ఏఎస్‌సీఐ అనే సంస్థ 2020 డిసెంబరు 15 నుంచి గైడ్‌లైన్స్ పెట్టింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని సంపాదన మార్గంలాగా, ఉద్యోగానికి బదులులాగా చూపించొద్దని అందులో స్పష్టంగా ఉంది. కాకపోతే అది ఇండస్ట్రీ వాళ్లు తమకు తామే పెట్టుకున్న సంస్థ. టెలిగ్రామ్ లింకులో వచ్చే ఏపీకే ఫైల్‌కి అలాంటి గైడ్‌లైన్ ఒకటుందని కూడా తెలియదు.

ఈ ట్రిక్ మన దగ్గర పుట్టలేదు. బ్రిటన్‌లో 2007 సెప్టెంబరులో కొత్త చట్టం అమల్లోకి వచ్చాక గాంబ్లింగ్ కంపెనీలకి టీవీ బాగా తెరుచుకుంది. ఆడవాళ్ల కోసం వాళ్లు ముందు పెట్టింది బింగో. మన తంబోలాలాంటిదే, కిట్టీ పార్టీల్లో ఆడేది. ఫాక్సీ బింగో అనే కంపెనీ పగటిపూట వచ్చే ఒక కుటుంబ గొడవల షోకి స్పాన్సర్ అయింది. జాక్‌పాట్‌జాయ్ వాళ్లు సీరియల్ నటి బార్బరా విండ్సర్‌ని "బింగో రాణి"ని చేశారు. అంతా గులాబీ రంగు, కబుర్లు, చాట్ రూములు. బింగో కోసం లోపలికి వెళ్లాక పక్కనే స్లాట్ గేమ్స్ ఉంటాయి. 2022లో గ్యాంబుల్‌అవేర్ అనే బ్రిటన్ చారిటీ, అక్కడ పది లక్షల దాకా ఆడవాళ్లు జూదం వల్ల నష్టపోయే ప్రమాదంలో ఉండొచ్చని చెప్పి, ప్రత్యేకంగా వాళ్ల కోసమే ప్రచారం మొదలుపెట్టాల్సి వచ్చింది. బింగో తీసి కలర్ గేమ్ పెట్టండి, చాట్ రూమ్ తీసి టెలిగ్రామ్ పెట్టండి, మన కథే.

కొంచెం వెనక్కి వెళ్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. రమ్మీ అదృష్టం ఆట కాదు, ఎక్కువ భాగం నైపుణ్యం ఆట అని సుప్రీంకోర్టు 1967లో ఇచ్చిన తీర్పు మన సికింద్రాబాద్‌లోని ఒక రిక్రియేషన్ క్లబ్ కేసులోదే. తర్వాత రమ్మీ యాప్‌లన్నీ ఆ తీర్పు పట్టుకునే నడిచాయి. కానీ ఆలోచించండి, మన ఊళ్లలో పత్తాలాట ఎక్కడ ఆడతారు? క్లబ్బులో, పొలం గట్టు మీద, చెట్టు కింద. అక్కడికి ఆడవాళ్లు పోరు, పోనివ్వరు. మా అమ్మమ్మ వాళ్లకి ఉన్నది అష్టాచెమ్మా, వామనగుంటలు. చింతగింజలు పోతే మళ్లీ ఏరుకొచ్చుకోవచ్చు. ఫోన్ వచ్చాక ఆ క్లబ్బు తలుపు వంటింట్లోకి తెరుచుకుంది. దాని మీద క్లబ్ అని బోర్డు లేదు, అంతే తేడా.

తెలంగాణ ప్రభుత్వం 2017లోనే గేమింగ్ చట్టాన్ని మార్చి ఆన్‌లైన్ రమ్మీతో సహా డబ్బు ఆటలన్నీ నిషేధించింది. ఏపీ 2020లో చేసింది. కర్ణాటక 2021లో చేస్తే 2022 ఫిబ్రవరిలో అక్కడి హైకోర్టు కొట్టేసింది. గద్వాల వాళ్లకి దీని అర్థం ఏంటో తెలుసా? పేరున్న రమ్మీ యాప్‌లు జీపీఎస్ చూసి తెలంగాణలో ఆగిపోయేవి. ఇటు కర్నూలు వైపు పోయినా అంతే. అటు రాయచూరు బస్సెక్కి బార్డర్ దాటితే మాత్రం ఆడుకోవచ్చు! మా అన్న ఫ్రెండ్స్ దీన్ని పెద్ద జోక్‌లాగా చెప్పుకునేవాళ్లు. చిన్నమ్మ ఆడింది అలాంటి యాప్ కాదు. దానికి జీపీఎస్ అక్కర్లేదు, చట్టంతో పనే లేదు.

చిన్నమ్మ గురించి చెప్పాలి. (తనని అడిగే రాస్తున్నా. పేరు వద్దంది, ఊరు రాయొచ్చంది.) చిన్నాయన మగ్గం నేస్తాడు. గద్వాల చీర తెలుసుగా, నూలు చీరకి పట్టు అంచు అతికేది. చిన్నమ్మ కండెలు చుట్టి ఇస్తుంది. ఆ పనికి విడిగా కూలి లేదు, చీర కూలిలోనే కలిసిపోతుంది. అంటే తన చేతికి తన పైసలంటూ ఎప్పుడూ రావు. "పిల్లగానికి పుస్తకాలు కొనాలన్నా మీ చిన్నాయనను అడగాల్నే" అనేది. యాడ్ చేసినవాళ్లకి ఇది తెలియదు, కానీ సరిగ్గా దీనికే తగిలింది.

ఆ యాప్‌లో ఆట చాలా సింపుల్. ప్రతి నిమిషానికి సున్నా నుంచి తొమ్మిదిలో ఒక అంకె పడుతుంది. 1, 3, 7, 9 ఆకుపచ్చ, 2, 4, 6, 8 ఎరుపు. 5 పడితే ఆకుపచ్చతో పాటు ఊదా, 0 పడితే ఎరుపుతో పాటు ఊదా. ఆకుపచ్చ మీద పెట్టి గెలిస్తే డబుల్, 5 పడితే ఒకటిన్నర రెట్లే. పెట్టిన ప్రతిసారీ 2 శాతం ఫీజు. చూస్తే ఫిఫ్టీ-ఫిఫ్టీ లాగా ఉంటుంది. నోట్‌బుక్‌లో లెక్క వేశాను: పదిలో నాలుగుసార్లు రెండు రెట్లు, ఒకసారి ఒకటిన్నర, మొత్తం సగటున 95 పైసలు. ఫీజు పోతే 93. అంటే ప్రతి వంద రూపాయల పందేనికి సగటున ఏడు రూపాయలు పోతాయి. గెలిచింది తీయకుండా మళ్లీ మళ్లీ అదే డబ్బు తిప్పితే, పది రౌండ్లలో, అంటే పది నిమిషాల్లో, సగటున సగం మిగులుతుంది. ఇది కూడా అంకె నిజాయితీగా పడితేనే. అంకె వేసేది వాళ్ల సర్వర్. ఏ రంగు మీద ఎంత డబ్బు పడిందో ముందే దానికి తెలుసు, తక్కువ డబ్బున్న రంగుని గెలిపించడానికి ఒక్క లైన్ కోడ్ చాలు. అలా చేయడం లేదని చెక్ చేయడానికి బయటివాళ్లకి దారే లేదు.

కానీ చిన్నమ్మ ఒక్కతే ఆడలేదు. గ్రూపులో ఒక "మేడమ్" ఉండేది, ఏ రంగు పెట్టాలో చెప్పేది. పోతే మూడింతలు పెట్టమనేది: 10, 30, 90, 270, 810, 2430. ఒక్కసారి గెలిస్తే అన్నీ వచ్చేస్తాయి అని. వరసగా ఆరుసార్లు పోతే 3640 రూపాయలు పోయినట్టు. నిమిషానికో రౌండ్ చొప్పున గంటకి అరవై రౌండ్లు ఆడుతుంటే ఆ ఆరు ఎప్పుడో ఒకప్పుడు రాక మానవు. మేడమ్ మెసేజులు మధ్యాహ్నం రెండింటికి మొదలయ్యేవి. ఆ టైముకి ఇంట్లో ఎవరు ఖాళీగా ఉంటారో మీరే ఊహించుకోండి. మొదట్లో చిన్నమ్మకు వచ్చినయ్ కూడా, ఐదొందలు ఒకసారి, పన్నెండొందలు ఒకసారి. పిల్లగానికి షూ కొనింది, ఎవరినీ అడగకుండా.

తర్వాతి మెట్టు రెఫరల్. ఐదుగురిని చేర్పిస్తే రోజుకి ఇంత "జీతం". నాగర్‌కర్నూల్ నుంచి నా రూమ్మేట్ ఉంది, వాళ్లమ్మ టైలరింగ్ షాపు పెట్టుకుంది. ఆమెకి కూడా ఇలాంటి మెసేజే తెలిసినామె దగ్గర్నుంచి వచ్చిందట. ఆమె అడిగింది ఒకటే: "నేను చేరితే నీకేమొస్తది?" అవతల నుంచి జవాబు లేదు. ఆ ప్రశ్న అడగడానికి నా రూమ్మేట్ వాళ్లమ్మ బీటెక్ చదవలేదు, జాకెట్ బట్ట బేరం చేసిన అనుభవం అంతే.

చిన్నమ్మ వాళ్ల మహిళా సంఘంలో పన్నెండు మంది. ఇలాంటి సంఘాలు ఎలా నడుస్తాయో మీ అమ్మలని అడగండి: అందరూ పొదుపు కడతారు, బ్యాంకు లోను అందరి పేరు మీద వస్తుంది, ఒకరు కట్టకపోతే మిగతావాళ్ల మీద పడుతుంది. కాబట్టి ఒకరి మాట ఒకరు నమ్ముతారు, నమ్మకపోతే సంఘమే లేదు. చిన్నమ్మ తన లింకు ఆ పన్నెండు మందిలో నలుగురికి పంపింది. మోసం చేయాలని కాదు. తనకు షూ డబ్బులు వచ్చినయ్ కాబట్టి. కంపెనీ ఒక్క రూపాయి యాడ్ ఖర్చు లేకుండా, ఏళ్ల తరబడి కట్టుకున్న నమ్మకాన్ని వాడుకుంది. టార్గెటింగ్ అంటే నేను అల్గారిథమ్ అనుకునేదాన్ని. అసలైన టార్గెటింగ్ ఇది.

సంక్రాంతి తర్వాత విత్‌డ్రా ఆగిపోయింది. ట్యాక్స్ కడితే తీసుకోవచ్చన్నారు, కట్టింది. ఆ తర్వాత యాప్ తెరుచుకోలేదు. చిన్నమ్మవి 62 వేలు పోయాయి, అందులో 30 వేలు సంఘం లోనులో తన వాటా. ఆ నలుగురివి కలిపి 18 వేలు.

1930కి ఫోన్ చేద్దాం అన్నాను. డబ్బు పోయిన వెంటనే ఆ సైబర్ హెల్ప్‌లైన్‌కి చెప్తే బ్యాంకులో ఆపే అవకాశం ఉంటుంది, గంటల్లో చెప్పాలి. చిన్నమ్మ చెప్పనిచ్చేసరికి ఇరవై రోజులు దాటింది. ఎందుకు ఆగిందంటే, ఎవరెవరు చేరారని అడిగితే ఆ నలుగురి పేర్లు చెప్పాలి, వాళ్ల ఇళ్లలో మగవాళ్లకి తెలియదు. మా ఊళ్లో మగవాడు బెట్టింగ్‌లో పోగొట్టుకుంటే "చెడిపోయిండు" అంటారు, అప్పు తీర్చి పెళ్లి కూడా చేస్తారు. ఆడది పోగొట్టుకుంటే ఏమంటారో చిన్నమ్మకు బాగా తెలుసు. ఈ కంపెనీలకి ఆడ కస్టమర్ అంటే ఎందుకంత ఇష్టమో నాకు అప్పుడు అర్థమైంది. ఆమె కంప్లయింట్ ఇవ్వదు.

2025 మార్చిలో సజ్జనార్ సారు ట్వీట్లు, పంజాగుట్ట, మియాపూర్ స్టేషన్లలో కేసులు మీకు గుర్తుండే ఉంటాయి. బెట్టింగ్ యాప్‌లని ప్రమోట్ చేశారని యూట్యూబర్ల మీద, టీవీ యాంకర్ల మీద, సినిమావాళ్ల మీద పెట్టారు. కేసు పెట్టినంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదు, అది వేరే సంగతి. ఆగస్టులో పార్లమెంటు కొత్త చట్టం పాస్ చేసింది, 22న రాష్ట్రపతి సంతకం అయింది. నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా డబ్బు ఆటలన్నీ నిషేధం. నడిపితే మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. యాడ్ చేస్తే రెండేళ్ల దాకా, 50 లక్షల దాకా. ఆడినవాళ్లకి ఆ చట్టంలో శిక్ష లేదు. పేరున్న యాప్‌లు డబ్బు ఆటలు ఆపేశాయి. కలర్ గేమ్ లింకు మాత్రం నాకు పోయిన వారమే వచ్చింది, ఈసారి పేరు "లేడీస్ సేవింగ్స్".

ఈ చట్టం వార్త టీవీలో వచ్చినప్పుడు చిన్నమ్మ ఫోన్ చేసింది. యాడ్ చేసినవాళ్లకి రెండేళ్లు అన్నదగ్గర భయపడింది. "నేను పంపిన లింకు గూడ యాడే కదనే?" అని అడిగింది. అది చట్టం రాకముందు సంగతి చిన్నమ్మా, నీకేం కాదు అన్నాను. తను కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, జైలు గురించి కాదులే, అంది.

ఇప్పుడు పొద్దున కండెలు, సాయంత్రం ఒక హాస్టల్లో చపాతీలు చేయడానికి పోతోంది. ఆ నలుగురికీ నెలకి వెయ్యి చొప్పున పంచి ఇస్తోంది, ఇవ్వాలని వాళ్లు అడగకపోయినా. ఇద్దరు తీసుకుంటున్నారు. ఒకామె వద్దంది. ఒకామె తీసుకుంటుంది కానీ మాట్లాడదు, సంఘం మీటింగులో ఆమె పక్కన కాకుండా తలుపు దగ్గర కూర్చుంటున్నానని చిన్నమ్మ చెప్పింది.